ఇంట్లో ఈవీ చార్జర్: ఎంసీబీ పడిపోతుంటే, ప్లగ్ వేడెక్కుతుంటే

గంట తర్వాత ఎంసీబీ పడిపోతోంది

ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే ఆఫ్ అయ్యే బోర్డులోని స్విచ్. చార్జర్ స్విచ్ వేయగానే అది పడిపోతే షార్ట్ వెతకండి. బాగానే నడిచి గంటకో రెండు గంటలకో పడిపోతే మాత్రం చాలావరకు కారణం వేడే. గీజర్ కాసేపు నడిచి ఆగిపోతుంది, వైరుకి చల్లారే టైమ్ దొరుకుతుంది. కారు అలా కాదు, గంటల తరబడి ఒకే కరెంటు లాగుతూనే ఉంటుంది. 7.4 కిలోవాట్ల చార్జర్ 230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు తీసుకుంటుంది. 32 ఆంపియర్ల ఎంసీబీ వేస్తే అది అంచు మీదే నడుస్తుంది, ఇరుకు బాక్సులో వేడికి ముందే పడిపోతుంది.

40 ఆంపియర్ల ఎంసీబీ వేయాలి, నిజమే. కానీ చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఎంసీబీ ముందుగా కాపాడేది వైరుని, కారుని కాదు. పాత 4 ఎంఎం (అంటే 4 చదరపు మిల్లీమీటర్ల) వైరు అలాగే ఉంచి పెద్ద ఎంసీబీ పెడితే ట్రిప్ ఆగుతుంది, గోడలో వైరు మాడుతుంది. చార్జర్ లాగే కరెంటు కంటే ఎంసీబీ రేటింగ్, దానికంటే వైరు తట్టుకునే కరెంటు ఎక్కువ ఉండాలి. 40 ఎంసీబీకి 6 ఎంఎం రాగి వైరు వేసేవాళ్లు ఉన్నారు. గోడలో పైపు గుండా, మిగతా వైర్లతో కలిసి వెళ్తే అది చాలకపోవచ్చు. నేనైతే 10 ఎంఎం వేయమంటాను. వైరు మార్చేదాకా పాత ఎంసీబీనే ఉంచి, చార్జర్ సెట్టింగుల్లో కరెంటు 16 ఆంపియర్లకి తగ్గించుకోండి.

ప్లగ్ లేదా సాకెట్ కాలుతోంది

వైరు పొడవునా వెచ్చగా ఉంటే వైరు సన్నం. ఒక్కచోటే వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగితే అక్కడ జాయింట్ లూజు. చార్జింగ్ ఆపి, మెయిన్ ఆఫ్ చేసి సాకెట్ మార్పించండి. స్క్రూ బిగిస్తే సరిపోదు, ఒకసారి కాలిన లోపలి క్లిప్పులకి పట్టు పోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే ముందు దాన్ని తీసేయండి.

లైట్లు మందగిస్తున్నాయి, చార్జింగ్ నెమ్మదిస్తోంది

బోర్డు నుంచి పార్కింగ్ దాకా దూరం చూడండి. 30 మీటర్ల దూరమంటే కరెంటు వెళ్లి తిరిగి రావడానికి 60 మీటర్ల రాగి. 32 ఆంపియర్ల దగ్గర 4 ఎంఎం వైరులో దాదాపు 9 వోల్టులు పోతాయి, 6 ఎంఎంలో 6 వోల్టులు, 10 ఎంఎంలో మూడున్నర. దూరం పెరిగేకొద్దీ ఒక సైజు పైకి వెళ్లాల్సిందే. చార్జర్ బాగున్నా ఇంటి లైట్లన్నీ మందగిస్తే ఇంట్లోకి వచ్చే మెయిన్ వైరు, దాని కనెక్షన్లు కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఆర్‌సీసీబీ పడుతోంది

ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్. అది పడుతుంటే మందం వైరు మందు కాదు. ఇన్సులేషన్ దెబ్బతినడం, కనెక్టర్‌లో తడి చేరడం, ఎర్త్ న్యూట్రల్‌కి తగలడం చూపించండి. చార్జర్‌లో డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు లేకపోతే టైప్ బి ఆర్‌సీసీబీ కావాలి, మామూలు టైప్ ఏసీ ఆ లీకేజీని గుర్తించలేదు.