ఎల్లోస్టోన్‌లో కేబిన్ ఎంపిక: ముందు రాత్రి సంగతి చూసుకోండి

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు లోపలే బస చేయాలనుకునేవారికి చిక్కు కేబిన్ల పేర్లతోనే మొదలవుతుంది. రఫ్‌రైడర్, ఫ్రాంటియర్, పయనీర్, వెస్టర్న్ అని ఒక్కో రకానికి ఒక్కో పేరు ఉంటుంది. ఫొటోల్లో మాత్రం చెక్క గోడలు, మంచం, కిటికీ అవతల పైన్ చెట్లతో అన్నీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. పగలంతా ఎలాగూ రోడ్డు మీదో, వేడినీటి గుంటల దగ్గరో గడుస్తుంది కనుక కేబిన్‌తో మనకు అసలు పని పడేది రాత్రి పూటే. అర్ధరాత్రి లేస్తే బాత్రూమ్ ఎంత దూరం, తెల్లవారుజామున గది ఎంత చల్లబడుతుంది, పొద్దున్నే మీరు చేరాలనుకున్న చోటు అక్కడికి దగ్గరేనా అన్నవి తేల్చుకున్నాకే ధర చూడాలి.

బాత్రూమ్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే బుకింగ్‌లో ఎక్కువమంది చూసుకోకుండా దాటేసే విషయం ఇదే. పార్కు ఈశాన్య భాగంలోని రూజ్‌వెల్ట్ లాడ్జ్‌లో రఫ్‌రైడర్ కేబిన్లు ఉంటాయి. వాటిలో బాత్రూమ్ లేదు. స్నానానికైనా, మరో అవసరానికైనా బయటకు వచ్చి, అందరూ వాడుకునే గదుల దాకా నడవాలి. అదే ఆవరణలోని ఫ్రాంటియర్ కేబిన్లకు సొంత బాత్రూమ్ ఉంది. మమ్మత్ హాట్ స్ప్రింగ్స్‌లోనూ, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ లాడ్జ్‌లోనూ ఇలాగే రెండు రకాలూ ఉన్నాయి. లేక్ లాడ్జ్‌లో 1920ల నాటి పయనీర్ కేబిన్లు పాతవే అయినా వాటిలో బాత్రూమ్ లోపలే ఉంటుంది. అంటే కేబిన్ పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి బాత్రూమ్ సంగతి ఊహించుకోకూడదు. బుక్ చేసే ముందు వివరణ చివరిదాకా చదవాలి.

నేను చదవలేదు. అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వచ్చిన ఏడాది, తక్కువ ధర చూసి మురిసిపోయి రఫ్‌రైడర్ తీసుకున్నాను. రెండో జామున అమ్మ లేచి చెప్పుల కోసం వెతుక్కుంటుంటే నేను టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాను. ఇరవై అడుగులు వేశామో లేదో, దారి పక్కన నల్లని బండరాయి లాంటిది బుస్సుమని ఊపిరి వదిలింది. అది గడ్డి మేయడానికి వచ్చిన బైసన్, అంటే అమెరికా అడవిదున్న. బైసన్‌కూ, ఎల్క్ అనే పెద్ద జింకకూ కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ కనీసం 100 గజాలు ఎడం పాటించాలన్నది పార్కు నియమం. ఆ చీకట్లో గజాలు కొలిచే తీరిక మాకెక్కడిది? అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చి, అది కదిలిపోయేదాకా తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాము. తప్పు నాదే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితోనో, చంటిపిల్లలతోనో వెళ్లేవారు ధర ఎక్కువైనా సొంత బాత్రూమ్ ఉన్న కేబిన్‌నే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అలాగని రఫ్‌రైడర్‌ను తీసిపారేయనక్కరలేదు. స్నేహితులు నలుగురు కలిసి వెళ్లేటప్పుడు నేను ఇప్పటికీ దానికే ఓటు వేస్తాను. వాటిలో చాలావాటికి ఒక మూల చిన్న ఇనుప కట్టెల పొయ్యి ఉంటుంది. కట్టె అంటుకున్న పావుగంటకు ఇనుము వేడెక్కుతూ టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంది, గదంతా పొగ వాసన కలిసిన వెచ్చదనం పరుచుకుంటుంది. అయితే పొయ్యి రాత్రంతా దానంతటది మండదు. మధ్యలో ఎవరో ఒకరు లేచి కట్టె వేయకపోతే తెల్లారేసరికి ముక్కు చివర మంచుగడ్డలా తయారవుతుంది. ఇక్కడ జూలైలో కూడా ఎత్తైన చోట్ల రాత్రి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి పడిపోవచ్చు. నిప్పు రాజేయడం అలవాటు లేనివారు మామూలు హీటరున్న కేబిన్ తీసుకోవడం మేలు. ఏ కేబిన్‌లోనూ టీవీ, ఏసీ ఉండవని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇక చోటు విషయం. దాదాపు 9,000 చదరపు కిలోమీటర్ల పార్కు ఇది. లోపలి గ్రాండ్ లూప్ రోడ్డు 8 అంకె ఆకారంలో 142 మైళ్లు ఉంటుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి మమ్మత్‌కు సుమారు 50 మైళ్లు; వేగ పరిమితి గంటకు 45 మైళ్లకు మించదు, పైగా బైసన్ మంద రోడ్డెక్కిందంటే అది దిగిపోయేదాకా కార్లన్నీ నిలిచిపోవాల్సిందే. అందుకే నాలుగు రాత్రులు ఉండేవారు ఒకే కేబిన్‌లో నాలుగూ గడపకుండా, ఉత్తరాన రెండు, దక్షిణాన రెండు అని పంచుకుంటే రోజుకు రెండు మూడు గంటల డ్రైవింగ్ కలిసొస్తుంది. 1995లో తోడేళ్లను తిరిగి తెచ్చి వదిలిన లామార్ లోయను తెల్లవారుజామున చూడాలంటే రూజ్‌వెల్ట్‌ను మించిన బస లేదు. మిగతావారు చీకట్లో గంటకు పైగా కారు నడుపుతుంటే మీరు నిద్ర లేచిన కాసేపటికే అక్కడ ఉంటారు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర దిగితే సాయంత్రం జనం పలచబడ్డాక అదే పేరున్న గీజర్, అంటే నేలలోంచి పైకి చిమ్మే వేడినీటి ఊట, చూడవచ్చు. గంటన్నర అటూ ఇటూగా అది మళ్లీ ఎగజిమ్ముతుంది కాబట్టి, ఒకటి తప్పిపోయినా కేబిన్‌కు వెళ్లి టీ తాగి రావచ్చు.

లేక్ లాడ్జ్ ప్రశాంతత కోరుకునేవారికి. దాని వరండాలో ఊగుడు కుర్చీల్లో కూర్చుంటే ఎదురుగా సరస్సు కనిపిస్తుంది. మమ్మత్ కేబిన్లు ఉత్తర ద్వారానికి దగ్గర, చుట్టూ పచ్చిక మీద ఎల్క్‌లు పడుకుని ఉంటాయి. క్యానియన్ కేబిన్లకు అందం తక్కువ. కానీ 8 అంకె మధ్య గీత మీద ఉన్నందున, ఒకే చోట దిగి అంతా చూడాలనుకునేవారికి అవే అనుకూలం.

ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోండి. తిరుమల కొండ సుమారు 3,000 అడుగులు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 7,300 అడుగులు దాటుతుంది, లేక్, క్యానియన్ ప్రాంతాలు ఇంకా పైన ఉంటాయి. రూజ్‌వెల్ట్, మమ్మత్ 6,200 అడుగుల ప్రాంతంలో ఉంటాయి. ఆయాసం, రక్తపోటు ఉన్న పెద్దవారుంటే డాక్టరును అడిగి, మొదటి రెండు రాత్రులు ఎత్తు తక్కువున్న ఈ చోట్ల గడిపి పైకి వెళ్లడం మంచిది.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది తిండి గురించి. కేబిన్‌లో వంట చేయకూడదు, కాబట్టి రైస్ కుక్కర్‌ను ఇంట్లోనే వదిలేయండి. పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి మొదటి రోజుకు సరిపోతాయి. తర్వాత చిన్న గ్యాస్ స్టవ్ ఉంటే పిక్నిక్ స్థలాల్లో అన్నం వండుకోవచ్చు. ఆహారాన్ని మాత్రం వరండాలోనో బయటి బల్ల మీదో క్షణం కూడా వదలకూడదు. ఎలుగుబంటికి ఆవకాయ వాసన కొత్తదే కావచ్చు, అది తెలుసుకునే అవకాశం దానికి ఇవ్వకండి.

పార్కు లోపలి లాడ్జీలన్నీ జాంటెర్రా సంస్థ నిర్వహణలోనే ఉన్నాయి, గదులు సుమారు ఏడాది ముందే నిండిపోతాయి. నేరుగా వారి దగ్గరే బుక్ చేస్తే మధ్యవర్తులకు అదనపు రుసుము కట్టనక్కరలేదు. కోరుకున్న రకం దొరకకపోతే ఉన్నదేదో ముందు పట్టుకుని, రద్దు గడువు ఏ తేదీ వరకో రాసిపెట్టుకుని, రోజూ ఒకసారి చూస్తూ ఉండండి. ప్రయాణానికి నెలా రెండు నెలల ముందు రద్దయిన గదులు ఒక్కొక్కటిగా తిరిగి కనిపిస్తాయి. రూజ్‌వెల్ట్ జూన్‌లో తెరిచి సెప్టెంబరు మొదట్లోనే మూసేస్తారు కనుక దసరా సెలవులకు అనుకునేవారు దాన్ని జాబితాలోంచి కొట్టేయవచ్చు. ఒకవేళ రఫ్‌రైడరే ఖాయమైతే, వెలుతురు ఉండగానే చేరుకుని, సామాను దించకముందే ఇంట్లో వాళ్లందరితో కలిసి బాత్రూమ్ దాకా ఒకసారి నడిచి రండి.