విండోస్ 11 ఎక్కించే ముందు సీ డ్రైవ్‌లో చోటు ఖాళీ చేసుకోవడం ఎలా

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. తిరుపతిలోని నెట్ సెంటర్లలో, జెరాక్స్ అంగళ్లలో, ఫోటో స్టూడియోలలో ఆ విండోస్‌తోనే నడిచే కంప్యూటర్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వాటికి విండోస్ 11 ఎక్కించబోతే సీ డ్రైవ్‌లో చోటు చాలకపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. అప్పుడు కంగారుపడి కనిపించిన ఫైలునల్లా తుడిచివేస్తే, మరెక్కడా నకలు లేని కాగితాలే ముందుగా పోతాయి. కాబట్టి ఏది ముందు తీయాలి, ఏది చివర తీయాలి, దేని జోలికి పోరాదు అన్నది తెలుసుకుని పని మొదలుపెట్టాలి.

మొదట పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ వారి ఉచిత యాప్‌తో ఆ కంప్యూటరు విండోస్ 11కు పనికివస్తుందో లేదో చూసుకోవాలి. 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 64 జీబీ డిస్కు ఉండాలన్నది నిబంధన. ఈ 64 జీబీ డిస్కు మొత్తం పరిమాణానికి సంబంధించిన లెక్క. ఖాళీ చోటు విషయానికి వస్తే, విండోస్ 11 పాత విండోస్‌ను కూడా కొన్నాళ్లు పక్కన దాచి ఉంచుతుంది కనుక, 20 జీబీకి తగ్గకుండా, వీలైతే 30 జీబీ దాకా ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్కు విండోస్‌లో సుమారు 119 జీబీగానే కనిపిస్తుంది కనుక, అటువంటి కంప్యూటర్లలో ఈ ఖాళీ సులభంగా దొరకదు.

ఏమీ తుడవకముందే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవాలి. డీ డ్రైవ్‌లో పెట్టుకున్నాం కదా అని ఊరుకోకూడదు. చాలా కంప్యూటర్లలో సీ, డీ రెండూ ఒకే డిస్కులోని భాగాలు కావడం వల్ల, డిస్కు చెడిపోతే రెండూ కలిసే పోతాయి. కాపీ అయిన తరువాత నాలుగైదు ఫైళ్లను బయటి డిస్కు నుంచే తెరిచి చూడాలి.

ఆ పిమ్మట సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత చోటు ఆక్రమించిందో వరుసగా కనిపిస్తుంది. అక్కడ టెంపరరీ ఫైల్స్ నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, టెంపరరీ ఫైల్స్, థంబ్‌నెయిల్స్ అనే వాటికి టిక్ పెట్టి నిర్భయంగా తీసివేయవచ్చు. అయితే అదే జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. దానికి టిక్ పడితే ఆ ఫోల్డరులోనివన్నీ పోతాయి కనుక, తీసివేసే బటన్ నొక్కే ముందు ఆ ఒక్క గడిని మళ్లీ చూసుకోవాలి.

డౌన్‌లోడ్స్ ఫోల్డరును చేత్తోనే శుభ్రం చేయాలి. నెట్ సెంటరు కంప్యూటరులో దాన్ని తెరిస్తే శ్రీవారి దర్శనం టికెట్లు, హాల్ టికెట్లు, ఆధార్ కార్డుల పీడీఎఫ్‌లు ఒకే పేరు చివర 1, 2, 3 అంకెలతో బారులు తీరి ఉంటాయి. నిజానికి ఇవి ఆక్రమించే చోటు తక్కువే, కానీ పని ముగిసిన తరువాత పరుల ఆధార్ నకళ్లను ఉంచుకోవడం ఏ విధంగానూ సరికాదు. వాటిని బయటి డిస్కులోకి వెళ్లిన కాపీ నుంచి కూడా తొలగించాలి. ఫోల్డరును సైజు వరుసలో అమర్చుకుంటే అసలు బరువు పైకి వస్తుంది: ఎప్పుడో దించిన సాఫ్ట్‌వేర్ సెటప్‌లు, జిప్ ఫైళ్లు, సినిమాలు. ఫోటో స్టూడియోలలోనైతే తిరుచానూరులోనో తిరుమలలోనో తీసిన ఒక్క పెళ్లి వీడియోయే పదుల జీబీలు ఉండవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన పని కోసం దాచుకునే క్యాష్ ఫైళ్లు దీనికి అదనం. ఈ క్యాష్‌ను ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో నుంచే ఖాళీ చేయాలి.

ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ వాడేవారు అందులోని ఫైళ్లను డిలీట్ చేయకూడదు, చేస్తే ఆన్‌లైన్‌లోని నకలు కూడా తొలగిపోతుంది. ఫోల్డరుపై కుడి క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ ఎంచుకుంటే, ఫైలు ఆన్‌లైన్‌లో ఉండి కంప్యూటరులో చోటు మాత్రమే ఖాళీ అవుతుంది.

వాడని ప్రోగ్రాములను యాప్స్ జాబితా నుంచే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్లను నేరుగా తుడవరాదు. విండోస్ ఫోల్డరు జోలికైతే అసలే పోరాదు. అందులోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరు సైజు చూసి చాలామంది అక్కడే చెయ్యి పెడతారు, కానీ వేరే చోట్ల కూడా కనిపించే ఫైళ్లను అక్కడ మళ్లీ లెక్కవేయడం వల్ల అది ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఒక్క నొక్కుతో కంప్యూటరును శుభ్రం చేస్తామనే బయటి క్లీనర్ సాఫ్ట్‌వేర్‌లు కూడా నా దృష్టిలో అనవసరం.

రీసైకిల్ బిన్‌ను అన్నిటికన్నా చివర, లోపల ఏమున్నాయో చూసిన తరువాతే ఖాళీ చేయాలి. ఇంత చేసినా చోటు చాలకపోతే, అప్‌గ్రేడ్ సమయంలో తాత్కాలికంగా వాడుకోవడానికి 10 జీబీకి మించి ఖాళీ ఉన్న పెన్ డ్రైవ్‌నో బయటి డిస్కునో తగిలించే వీలు ఉంటుంది. దానికి కాపీలు దాచిన డిస్కును వాడకండి. కంప్యూటరును రీస్టార్ట్ చేసి, ఖాళీ ఎంతుందో మళ్లీ చూసుకుని, కరెంటు పోయినా ఆగకుండా ల్యాప్‌టాప్‌కు ఛార్జరు, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంచి అప్‌గ్రేడ్ మొదలుపెట్టవచ్చు.

విండోస్ 11 వచ్చాక సీ డ్రైవ్‌లో విండోస్ ఓల్డ్ అనే పెద్ద ఫోల్డరు కనిపిస్తుంది. పాత విండోస్‌కు తిరిగి వెళ్లడానికి 10 రోజుల గడువు ఉంటుంది, ఆ వీలు ఈ ఫోల్డరు ఉన్నంతవరకే. అందుచేత ప్రింటరు, స్కానరు, వేలిముద్రల యంత్రం, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ మునుపటిలా పనిచేస్తున్నాయని నిర్ధారించుకున్న తరువాతే, టెంపరరీ ఫైల్స్‌లోని ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్‌కు టిక్ పెట్టి దాన్ని తొలగించండి.