వార్డు సిబ్బంది చేత పరిశోధన చేయించాలంటే

నర్సులకూ డ్యూటీ డాక్టర్లకూ పరిశోధన నేర్పాలనగానే చాలామంది ముందు స్టాటిస్టిక్స్ క్లాసు పెట్టిస్తారు. నర్సింగ్ ట్యూటర్‌గా నేను దానికి ఒప్పుకోను. నేను ముందు అడిగేది, "డ్యూటీలో మిమ్మల్ని పదే పదే సతాయించేది ఏంటి?" అని. "నైట్‌లో పెట్టిన క్యాన్యులాల (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టాలు) దగ్గరే వాపు ఎక్కువ వస్తోంది మేడమ్" అని ఒక సిస్టర్ అందనుకోండి. మీకు ప్రశ్న దొరికినట్టే.

ఇక దాన్ని చెక్కాలి. ఎవరిలో, దేన్ని దేనితో పోలుస్తున్నాం, ఏం కొలుస్తున్నాం? అసలు వాపు అంటే ఏంటి? క్యాన్యులా పెట్టినచోటు చూసి 0 నుంచి 5 దాకా మార్కు వేసే విప్ స్కోరు ఉంది. 2 వచ్చిందంటే ఫ్లెబైటిస్ (నరం వాపు) మొదలైనట్టు, క్యాన్యులా మార్చాలి. ఇద్దరు సిస్టర్లు ఒకే చేతిని విడివిడిగా చూసి మార్కు వేయాలి. తేడా వస్తుంటే ఇంకా సాధన చేయించండి, డేటా జోలికి వెళ్లొద్దు. రాత్రిపూట ఎమర్జెన్సీ కేసులు ఎక్కువ ఉండొచ్చు, తొందరలో పెట్టి ఉండొచ్చు. అందుకే ఎమర్జెన్సీయా కాదా, ఏ సైజు, ఏ మందు ఎక్కించారు అన్నవి కూడా ఫారంలో ఉండాలి. లేకపోతే తప్పు నైట్ షిఫ్టు మీద పడుతుంది. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను పిలవాల్సింది ఇక్కడే, డేటా అంతా పోగయ్యాక కాదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి ఫారం నింపకముందే చేతిలో ఉండాలి.

అన్నిటికంటే కష్టం టైమ్. "వీలున్నప్పుడు చేసుకోండి" అంటే ఆ పని ఎప్పటికీ కాదు. వారానికి రెండు గంటలు డ్యూటీ చార్టులోనే రాయించండి, ఆ గంటల్లో వార్డులో ఇంకొకర్ని వేయించండి. దీనికోసం పైవాళ్లతో గట్టిగా పోట్లాడినా తప్పులేదు. గడువులూ పెట్టండి. ఆరోగ్య సిబ్బందికి పరిశోధన నేర్పే సార్ట్ ఐటీ అనే శిక్షణ 2009లో మొదలైంది. అందులో ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక), డేటా, పేపర్ రాయడం దశలవారీగా నడుస్తాయి. గడువు దాటితే తర్వాతి దశకు పంపరు. ఆ పట్టుదల నాకు నచ్చుతుంది.

పాత పరిశోధన పేపర్లు వెతకడానికి పబ్‌మెడ్, లెక్కలకు ఎపి ఇన్ఫో, రిఫరెన్సులకు జొటేరో. మూడూ ఉచితమే. రాసేటప్పుడు, ఇలాంటి పరిశీలన అధ్యయనాల పేపర్లో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్ట్ పక్కన పెట్టుకోమనండి.

పేపర్ మీద మొదటి పేరు ప్రశ్న అడిగి పని చేసిన సిస్టర్‌దే ఉండాలి, హెచ్ఓడీది కాదు. ఫలితం ముందు ఆ వార్డులోనే చెప్పించండి, తేడా ఏమీ కనిపించకపోయినా సరే. తర్వాతి బ్యాచ్‌కు పక్కన కూర్చుని నేర్పే పని కూడా ఆమెకే అప్పగించండి.