బెల్లీ బ్యాండ్‌లో పిస్టల్ పెట్టుకుంటున్నారా? ఎండలు ముదరకముందే ఇది చదవండి

పోయిన నెల డాలస్ పక్కన గ్యాస్ స్టేషన్ నడిపే మనవాడొకాయన తొడలో తూటాతో ఆసుపత్రి పాలయ్యాడు. దొంగలు రాలేదు, గొడవా జరగలేదు. రాత్రి షాపు కట్టేసేముందు కౌంటర్ కిందున్న పిస్టల్ తీసి, చొక్కా పైకెత్తి, నడుముకున్న ఎలాస్టిక్ పట్టీలోకి (బెల్లీ బ్యాండ్ అంటే అదే) దోపుకోబోయాడు. పట్టీ అంచు లోపలికి మడతపడింది. ఏదో అడ్డం తగిలిందనుకుని ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఆ మడత వెళ్ళి ట్రిగ్గర్‌ని నొక్కింది. పెద్ద రక్తనాళానికి తగల్లేదు కాబట్టి బతికాడు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తున్నాడు.

2024 నవంబర్‌లో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు సొంత గన్ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ దాని గురించే మాట్లాడుకున్నాయి. తర్వాత అంతా మామూలే. ఇప్పుడు మళ్ళీ ఎండాకాలం వస్తోంది. టెక్సస్‌లో వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటాక జాకెట్ వేసుకోలేం, లావుపాటి బెల్టు పెట్టుకోలేం. అందుకని అందరూ బెల్లీ బ్యాండ్ల వెంట పడతారు. తుపాకీ ఎప్పుడూ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి, మనుషుల వైపు తిప్పకూడదు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

దీన్ని ఎందుకు కొంటారు

కారణాలు లేకపోలేదు. మామూలు హోల్‌స్టర్‌కి, అంటే గన్ పెట్టుకునే ఒరకి, గట్టి బెల్టు, గట్టి ప్యాంటు కావాలి. బెల్లీ బ్యాండ్‌కి ఏదీ అక్కర్లేదు. వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ, చివర వెల్క్రో, మధ్యలో పిస్టల్‌కి ఒక అర, మ్యాగజైన్‌కి (తూటాలు నింపే డబ్బాకి) ఇంకో అర. షార్ట్స్ మీదా, నర్సులు వేసుకునే స్క్రబ్స్ మీదా, కుర్తా కిందా, ఆఖరికి లుంగీ మీదా కట్టుకోవచ్చు. ఒంటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి పల్చటి చొక్కాలోంచి కూడా ఆకారం అంతగా కనపడదు. టాయిలెట్‌కి వెళ్ళినప్పుడు ప్యాంటుతో పాటు కిందికి జారదు. గన్ తీసి టాయిలెట్ అరమీద పెట్టి మరిచిపోయి వచ్చేసే పని తప్పుతుంది. చవక కూడా. అన్నీ నిజమే.

ఇబ్బందులు కూడా అక్కడే ఉన్నాయి. చెమట. ఉప్పు చెమట రోజూ తగిలితే స్లైడ్ మీద, అంటే పిస్టల్ పైన వెనక్కి జరిగే లోహపు భాగం మీద, తుప్పు పడుతుంది. కూర్చుంటే పట్టీ చుట్టుకుపోతుంది, లేస్తే పైకి జరుగుతుంది. అవసరానికి గన్ బయటికి తీయడం బెల్ట్ హోల్‌స్టర్ కంటే ఆలస్యం. వీటితో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోకూడనిది ఒక్కటే ఉంది.

మనుషుల్ని ముంచే తప్పు

పట్టీ ఒంటి మీద ఉండగా పిస్టల్‌ని అందులోకి దోపకండి.

కారణం చెప్తాను. గన్ తీయగానే ఎలాస్టిక్ అర మూతి మూసుకుపోతుంది. దాన్ని తెరవడానికి రెండో చెయ్యి కావాలి, ఆ చేతి వేళ్ళు సరిగ్గా గొట్టం ముందుకొస్తాయి. మనలో చాలామందికి బొజ్జ అడ్డం, అక్కడ ఏం జరుగుతోందో కనపడదు. చొక్కా అంచో, షార్ట్స్ నాడా చివరి ప్లాస్టిక్ ముక్కో గన్‌తో పాటు లోపలికి పోతుంది. మనవాళ్ళు ఎక్కువగా కొనే గ్లాక్‌కి బొటనవేలితో వేసే సేఫ్టీ ఉండదు. ట్రిగ్గర్ మీద రెండున్నర కిలోల బరువు పడితే చాలు, పేలుతుంది. వేలు నొక్కిందా, గుడ్డ నొక్కిందా అని అది అడగదు.

మెత్తని పట్టీతో ఇంకో చిక్కుంది. గన్ లోపల సరిగ్గా కూర్చున్నా, బయటి నుంచి ఎలాస్టిక్ మీద నొక్కితే ఆ ఒత్తిడి ట్రిగ్గర్ దాకా పోతుంది. కారు సీట్‌బెల్ట్ బకిల్ నొక్కుకోవచ్చు, ఎత్తుకున్న పిల్లాడి మోకాలు తగలవచ్చు.

ఇక హోల్‌స్టరే లేకుండా నడుముకి దోపుకుంటే ఏమవుతుందో అమెరికా అంతా చూసింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ 2008 నవంబర్‌లో న్యూయార్క్ నైట్‌క్లబ్బుకి స్వెట్‌ప్యాంట్స్ నడుములో గ్లాక్ పెట్టుకుని వెళ్ళాడు. అది కాలు వెంట జారింది, పట్టుకోబోయాడు, తొడలో పేలింది. ఆ ఏడాది మొదట్లో సూపర్ బౌల్ గెలిపించిన క్యాచ్ పట్టిన మనిషి, న్యూయార్క్ లైసెన్సు లేకుండా గన్ పెట్టుకున్నందుకు జైలుకి పోయాడు.

మరి ఎలా పెట్టుకోవాలి? కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసి, మీ మోడల్ కొలతకి సరిపోయేది కొనండి. అలాంటి తొడుగు వెల్క్రోతో పట్టీకి అతుక్కునే బ్యాండ్లు దొరుకుతున్నాయి. ముందు గన్‌ని తొడుగులో పెట్టండి. టేబుల్ మీద, గొట్టం మనుషులు లేని వైపు తిప్పి, కళ్ళతో చూస్తూ, క్లిక్‌మని శబ్దం వచ్చేదాకా. తర్వాత గన్ ఉన్న తొడుగుని పట్టీకి బిగించండి. తీసేటప్పుడూ అంతే, తొడుగుతో సహా తీయాలి. రాత్రి సేఫ్‌లోకి కూడా తొడుగుతోనే పోవాలి. రోజంతా గన్, తొడుగు విడిపోయే అవసరమే రాకూడదు.

"తొడుగు పెడితే లావుగా కనిపిస్తుందన్నా" అంటారు. కనిపించనీయండి.

"నేను ఛాంబర్ ఖాళీగా పెట్టుకుంటానులే" అనేవాళ్ళూ ఉన్నారు. ఛాంబర్ అంటే పేలడానికి సిద్ధంగా తూటా ఉండే చోటు. పెట్టుకోండి, తప్పులేదు. కష్టకాలంలో స్లైడ్ లాగడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండకపోవచ్చని రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) పెద్దలు చెప్పేది నిజమే. అయినా కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు కొన్ని నెలలు ఛాంబర్ ఖాళీగా తిరగడమే మేలని నా అభిప్రాయం. రేంజ్‌లో నవ్వుతారు, నవ్వనివ్వండి. ఛాంబర్ ఖాళీ అనుకున్నా సరే, పట్టీ ఒంటి మీద ఉండగా గన్‌ని దోపకండి. ఖాళీ అనుకున్న గన్లే ఎక్కువ కొంపలు ముంచాయి.

చీర కట్టుకునేవాళ్ళకి

దసరా, బతుకమ్మ వేడుకలకి అర్ధరాత్రి దాకా పార్కింగ్ లాట్లలో తిరగాల్సి వస్తుందని కొందరు అక్కలు అడిగారు. లంగా బొందు ఈ బరువు మొయ్యదు. లోడ్ చేసిన గ్లాక్ 19 సుమారు 850 గ్రాములుంటుంది. పట్టీ బొందుకి పైన, విడిగా కట్టాలి. గన్ కుచ్చిళ్ళ దగ్గర వద్దు, కుడిచేతి వాటమైతే కుడి తుంటి మీదికి జరపండి. ముందుభాగంలో పెడితే కూర్చున్నప్పుడు గొట్టం తొడ రక్తనాళం వైపే చూస్తుంది. పైట పిన్నులు గన్ తీసే దారికి అడ్డం రాకుండా చూసుకోండి. ఇదంతా ఖాళీ గన్‌తో, అదే చీరతో, ఇంట్లో పదేపదే చేసి చూశాకే బయటికి. గర్భిణులు కట్టుకోవద్దు.

హ్యాండ్‌బ్యాగే నయం కదా అంటారా? 2014 డిసెంబర్‌లో ఐడహోలో ఒక వాల్‌మార్ట్‌లో రెండేళ్ళ పిల్లాడు తల్లి బ్యాగులోంచి పిస్టల్ తీశాడు. అది పేలి తల్లి అక్కడే చనిపోయింది. ఆ బ్యాగు గన్ పెట్టుకోవడానికని ప్రత్యేకంగా కుట్టినదే. బ్యాగు కంటే బ్యాండ్ వెయ్యి రెట్లు నయం.

ఇక మిగిలినవి, వరసగా

- వీసా మొదట చూసుకోండి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, 15 ఏళ్ళ దాకా శిక్ష పడొచ్చు. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అది నడుముకి గన్ కట్టుకుని ఊరు తిరగడానికి ఇచ్చిన పర్మిట్ అనుకోకండి. లాయర్‌ని అడగకుండా అడుగు వెయ్యొద్దు. గ్రీన్‌కార్డ్ వాళ్ళ సంగతి వేరు.
- టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి అర్హత ఉన్నవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు. అయినా తీసుకోండి. స్కూలుకి 1000 అడుగుల లోపు గన్ ఉండకూడదన్న ఫెడరల్ నిబంధన నుంచి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకే మినహాయింపు. పిల్లల్ని స్కూల్లో దింపేది మీరేగా?
- గన్ వద్దని చెప్పే బోర్డుల మీద టెక్సస్ చట్టం సెక్షన్ నంబరు ఉంటుంది. గుడి గేటు దగ్గర 30.06 బోర్డు ఉంటే లైసెన్సు ఉన్నా లోపలికి తీసుకెళ్ళకూడదు. 30.05 ఉంటే లైసెన్సు లేనివాళ్ళు ఆగిపోవాలి. బార్‌లో 51 శాతం బోర్డు (ఆదాయంలో సగానికి పైగా మందు అమ్మకం నుంచే వచ్చే చోట పెట్టేది) చూస్తే వెనక్కి తిరగండి.
- మందు తాగే రోజు గన్ ఇంట్లో.
- కొన్నాక ఖాళీ గన్‌తో వంగండి, గెంతండి, పూజలో కూర్చున్నట్టు నేల మీద బాసింపట్టు వేసి కూర్చోండి. కదిలితే వాపసు ఇచ్చేయండి.
- ఎలాస్టిక్ సాగిందా, పారేయండి. కుట్టించుకుని వాడొద్దు.
- డ్రయ్యర్‌లో వేయకండి. ఉతకడానికి ముందు అరలన్నీ తడిమి చూడండి.
- రోజూ రాత్రి స్లైడ్ తుడిచి నూనె గుడ్డతో రుద్దండి. పట్టీ కింద పల్చటి బనీను వేసుకోండి.
- గన్ జారితే పడనివ్వండి. పట్టుకోబోకండి. ఈ కాలం పిస్టళ్ళు పడినందుకు పేలడం అరుదు, పట్టుకోబోతే వేలు వెళ్ళేది ట్రిగ్గర్ మీదికే.
- స్నానానికి వెళ్తూ పట్టీని గన్‌తో సహా తలుపు కొక్కేనికి తగిలించకండి. ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు వాళ్ళ చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేయడం నేరం.
- స్నేహితులకి చూపించొద్దు. "ఏదీ, ఒకసారి చూపించు బావా" అంటే రేంజ్‌కి రమ్మనండి.
- టూర్నికే (రక్తం ఆపడానికి బిగించి కట్టే పట్టీ) ఒకటి కొని కారులో పెట్టండి, వాడటం నేర్చుకోండి. తొడ రక్తనాళం తెగితే అంబులెన్స్ వచ్చేదాకా ఆగే టైముండదు.
- మళ్ళీ చెప్తున్నా. పట్టీ ఒంటి మీద ఉండగా దోపకండి. తొందరలో ఉన్నా, చలిలో ఉన్నా, పోలీసులు వస్తున్నా సరే. పోలీసులు వస్తుంటే గన్ కింద పెట్టి చేతులు పైకెత్తండి.
- ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరేముందు నడుం తడుముకోండి. 2024లో టీఎస్ఏ (అమెరికా ఎయిర్‌పోర్టుల భద్రతా సంస్థ) చెక్‌పాయింట్లలో 6,678 గన్లు పట్టుకున్నారు, నూటికి 94 లోడ్ చేసినవే. "మర్చిపోయాను" అన్న మాటకి అక్కడ విలువ లేదు, జరిమానా వేల డాలర్లలో పడుతుంది.
- ఇండియాకి వెళ్ళే సూట్‌కేసులో పాత బెల్లీ బ్యాండ్ పెట్టకండి. మ్యాగజైన్ అరలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. అమెరికా లైసెన్సు అక్కడ చెల్లదు.