దీవికి వెళ్తే ఆటు టైమ్ చూసుకోండి

దీవిలో సెలవులంటే గడియారం పక్కన పడేయాల్సిందే. ఒక్క టైమ్ మాత్రం కనుక్కోండి, సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో. ఇవాళ ఉదయం 7కి తగ్గితే రేపు 7.50కి అటూఇటూగా. అంటే రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఆ తడి ఇసుక మీద కాసేపు కదలకుండా కూర్చోండి. చాలా తీరాల్లో గోరంత పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి. ఇసుకను నోటితో జల్లించి తిండి ఏరుకుని, మిగిలింది బుల్లి బుల్లి ఉండలు చేసి చుట్టూ పేర్చేస్తాయి. మన నీడ పడిందా, అన్నీ మాయం! (ఫోటో కోసం వంగి నేను రెండుసార్లు చెడగొట్టుకున్నా.) రాళ్ల వైపు వెళ్తే చెప్పులు విప్పకండి, పోటు మొదలవగానే వెనక్కి వచ్చేయండి.