ఓపెన్ సోర్స్‌లో తొలి అడుగు – 4వ పాఠం: ఒక్క అక్షరం దిద్దితే ఫైలంతా మారిందా?

గత పాఠంలో రీడ్‌మీ ఫైల్లో ఒక అక్షరదోషం దిద్ది పుల్ రిక్వెస్ట్ (మన మార్పును ప్రాజెక్టులో కలపమని అడగడం) పంపమన్నాను. చాలామందిది ఒకటే గోడు: "దిద్దింది ఒక్క అక్షరమే, అక్కడ చూస్తే ఫైలంతా ఎర్రగా, పచ్చగా ఉంది." (ఎరుపంటే తీసేసిన లైను, పచ్చంటే చేర్చిన లైను.) మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునే వ్యక్తి) "సంబంధం లేని మార్పులు తీసేయండి" అనగానే టెన్షన్ పడి రిక్వెస్టే మూసేసినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈసారి చెబుతానన్న ఇష్యూల వెతుకులాట వాయిదా. ఫోర్క్, క్లోన్, బ్రాంచ్ మీకు వచ్చేశాయనే అనుకుంటున్నాను.

ఇది ఎడిటర్ చేసిన పని. 'ఫార్మాట్ ఆన్ సేవ్' ఎప్పుడో ఆన్ చేసి మరచిపోయుంటారు. సేవ్ నొక్కగానే అది ట్యాబులను స్పేసులు చేస్తుంది, సింగిల్ కోట్‌లను డబుల్ చేస్తుంది, లైను చివరి ఖాళీలు కోసేస్తుంది. ఈ చివరిది మరీ చికాకు. మార్క్‌డౌన్‌లో (రీడ్‌మీ రాసే పద్ధతి ఇది) లైను చివర రెండు స్పేసులుంటే అక్కడ లైను విరగాలని అర్థం. అవి పోతే విడివిడిగా ఉండాల్సిన రెండు లైన్లు పేజీలో ఒకదానికొకటి అతుక్కుంటాయి. విండోస్‌లోనైతే లైను ముగింపు గుర్తులు మారి, కంటికేమీ తేడా లేకుండానే ప్రతి లైనూ మారినట్టు చూపిస్తుంది.

"చూడ్డానికి ఇంకా నీట్‌గానే ఉంది కదా" అనకండి. ఏ లైనును చివరగా ఎవరు మార్చారో చూపే 'గిట్ బ్లేమ్' కొడితే ఆ ఫైల్లో మీరు ముట్టుకోని లైన్ల పక్కన కూడా మీ పేరే కనిపిస్తుంది. అదే ఫైలు మీద పనిచేస్తున్న మిగతావాళ్లకు కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి, అంటే వాళ్ల మార్పులు మీ మార్పులతో ఢీకొంటాయి. ఫార్మాటింగ్ మార్చాలనిపిస్తే ముందు అడిగి, విడిగా పంపండి.

కొత్త రిక్వెస్ట్ అక్కర్లేదు, మూసేసినదాన్ని మళ్లీ తెరవండి. ముందు ఫార్మాటర్ ఆపండి. బ్రాంచ్‌లో మీది ఒక్క కమిట్టే (గిట్‌లో భద్రపరచిన మార్పు) ఉంటే ఇంతే:

గిట్ రిస్టోర్ --సోర్స్=హెడ్~1 రీడ్‌మీ.ఎండీ

హెడ్~1 అంటే మీ కమిట్‌కు ముందరి స్థితి, కాబట్టి ఫైలు మీరు ముట్టుకోకముందు ఎలా ఉందో అలా అవుతుంది. (రిస్టోర్ 2019లో 2.23 వెర్షన్‌తో వచ్చింది. పాత గిట్ అయితే 'గిట్ చెకౌట్ హెడ్~1 -- రీడ్‌మీ.ఎండీ'.) ఆ ఒక్క అక్షరం మళ్లీ దిద్దండి. తర్వాత:

గిట్ డిఫ్ హెడ్~1

ఒక ఎర్ర లైను, ఒక పచ్చ లైను కనిపించాలి. ఇంకేదైనా ఉంటే ముందుకెళ్లొద్దు. ఖాళీల తేడాలను వదిలేసి చూపే 'గిట్ డిఫ్ -డబ్ల్యూ హెడ్~1' కొట్టి చూడండి, ఎక్కువ లైన్లు మాయమైతే గొడవ ఖాళీలదే. సరిగ్గా ఉంటే:

గిట్ యాడ్ రీడ్‌మీ.ఎండీ
గిట్ కమిట్ --అమెండ్
గిట్ పుష్ --ఫోర్స్-విత్-లీజ్

అమెండ్ పాత కమిట్‌నే మార్చేస్తుంది, అందుకే మామూలు పుష్ సరిపోదు. అయినా ఉత్త --ఫోర్స్ నేను వాడను, మీరూ వాడొద్దు. ఆ బ్రాంచ్‌లో మీకు తెలియకుండా ఇంకెవరైనా కమిట్ పెట్టి ఉంటే లీజ్ ఆపేస్తుంది, ఉత్త ఫోర్స్ దాన్ని తుడిచేస్తుంది. పుష్ అవగానే అదే రిక్వెస్ట్ దానంతటదే మారుతుంది. "సరిచేశాను" అని ఒక్క ముక్క రాస్తే చాలు, క్షమాపణల పేరాలు వద్దు.

అభ్యాసం: మీ ఫోర్క్‌లో కొత్త బ్రాంచ్ తీసి, ఫార్మాటర్ ఆన్ చేసి, మూడు ఫైళ్లు కావాలనే పాడుచేసి, ఒకే కమిట్‌గా పుష్ చేయండి. ఒక్కో ఫైల్లో ఒక్క లైను మార్పే మిగిలేలా, ఈ పాఠం చూడకుండా బాగుచేయండి. అసలు ప్రాజెక్టుకు మాత్రం పంపకండి.