పాత ఫోటో స్కాన్‌లో నలుపు తేలిపోతోందా? ముందు దీపం కింద చూడండి

“ఎంత ఎడిట్ చేసినా బాగుపడటం లేదు” అనేవారిని ముందుగా అడగాల్సింది ఒక్కటే: అసలు ఫోటోను దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశారా? చూసి ఉండరు. నేరుగా సాఫ్ట్‌వేర్ తెరిచి కూర్చుని ఉంటారు.

నలుపు నల్లగా రావడం లేదు

బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో జుట్టు, కోటు, అంచులు నల్లగా ఉండాల్సిందిపోయి నీలి బూడిద రంగులో, పొగ పట్టినట్టు వస్తాయి. ఫోటో వెలిసిపోయిందనుకుని కాంట్రాస్ట్ పెంచుతారు. పొగ పోదు సరికదా, ముఖాల్లో ఉన్న కాస్త వివరం కూడా తెల్లబడి పోతుంది. రోగమొకటి, మందొకటి.

ఈ ఫోటోల్లో బొమ్మ ఏర్పడేది సన్నని వెండి రేణువులతో. తేమ, గాలిలోని రసాయనాలు, నాసిరకం ఆల్బమ్ అట్టలు ఏళ్ల తరబడి పనిచేసి ఆ వెండిలో కొంత భాగాన్ని పైపొరకు చేరుస్తాయి. అక్కడ అది మళ్లీ లోహంగా మారి పలుచని పూతలా నిలుస్తుంది. వెండి ఎక్కువగా ఉండేది నల్లని భాగాల్లోనే కాబట్టి దెబ్బ తగిలేదీ అక్కడే. ఫోటోను ఏటవాలుగా పట్టుకోండి. ఒక కోణంలో కోటు మీద నీలి మెరుపు తళుక్కుమంటుంది. కాస్త తిప్పగానే అది మాయమై, గుండీలు కూడా లెక్కపెట్టగలిగేంత నిండు నలుపు బయటపడుతుంది. అంటే వివరాలన్నీ కాగితం మీద భద్రంగానే ఉన్నాయి. స్కానర్ దీపం కోణాన్ని మార్చడం మన చేతిలో లేదు కనుక, మెరుపు కూడా ఫైల్లోకి ఎక్కుతోంది.

స్కానర్‌ను పక్కన పెట్టి కెమెరాతో తీయండి. ఫోటో బల్ల మీద, కెమెరా సరిగ్గా దానికి పైన, ఇరుపక్కలా దాదాపు 45 డిగ్రీల కోణంలో రెండు దీపాలు. ఫ్లాష్ వద్దు, గదిలో మిగతా దీపాలు ఆర్పేయండి. మెరుపు ఇంకా మిగిలితే దీపాలను మరికాస్త కిందికి దించండి. దీపాలకూ లెన్సుకూ పోలరైజింగ్ ఫిల్టర్లు (మెరుపును అడ్డుకునేవి) ఉంటే మరీ మంచిది. కెమెరా లేకపోతే కలర్‌లో స్కాన్ చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెడ్ ఛానల్ (కలర్ ఫైల్లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాల్లో ఎరుపుది) ఒక్కటే తీసుకోండి. మెరుపు నీలంగా ఉంటే అందులో తక్కువగా కనిపిస్తుంది. ఆ పూతను గుడ్డతోనో రబ్బరుతోనో రుద్దే పని మాత్రం పెట్టుకోకండి, దాంతోపాటు బొమ్మా పోతుంది.

మరకలు, వెలిసిన సిరా

పసుపు, గోధుమ రంగు మరకలు కూడా రెడ్ ఛానల్‌లో చాలావరకు తేలికపడతాయి. అందుకే బ్లాక్ అండ్ వైట్ ఫోటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయమనేది. పాత ఉత్తరాల్లో గోధుమ రంగుకు తిరిగిన సిరాకు ఇదే చిట్కా వాడితే అక్షరాలూ ఎగిరిపోతాయి. వాటికి బ్లూ ఛానల్ చూడాలి. వెనకవైపు రాత ముందుకు కనిపిస్తుంటే అడుగున నల్ల కాగితం పెట్టండి, చాలు.

ఫోటో అంతటా తెల్ల చుక్కలు

గరుకు కాగితం మీద ముద్రించిన ఫోటో అది. బ్లర్ చేయకండి. 180 డిగ్రీలు తిప్పి రెండోసారి స్కాన్ చేసి, రెండింటినీ కచ్చితంగా ఒకదానిపై ఒకటి కూర్చి, పై లేయర్ (పై పొర) ఒపాసిటీని, అంటే అది కింది పొరను కప్పే స్థాయిని, 50 శాతానికి తగ్గించండి.

మిగతావి

నిలువు గీత వస్తే స్కానర్ గాజు తుడవండి. రంగురంగుల వలయాలు అరుదు, ఫోటో గాజుకు అంటుకుంటే వస్తాయి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకవద్దు, అద్దంతో సహా కెమెరాతో తీసుకోండి.